గైడ్ విజిల్ వేశాడు

ఒరేయ్ మనవడా,

గైడ్ నన్ను దీవిలో వదిలేసి పోయాడని నువ్వు ఫిర్యాదులో రాశావు. అది తప్పు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మీదుగా నడిచి చేరే దీవి అది. నీళ్లు మళ్లీ ఎక్కేలోపు తిరిగి రావాలి. అతను మూడుసార్లు విజిల్ వేశాడు. "బామ్మగారూ, దారి మునిగిపోతుంది, లేవండి" అని దగ్గరికొచ్చి బతిమాలాడు కూడా.

"ముప్పై ఏళ్లు బడిలో గంట కొట్టించినదాన్ని, నీ ఈలకు లేస్తానా?" అన్నాను. కొండ అంచున గూళ్లలో పక్షులను చూస్తూ కదలలేదు.

మిగతావాళ్లను దాటించి, నడుంలోతు నీళ్లలో నాకోసం తిరిగొచ్చి, వీపున మోసుకొచ్చాడు. ఒడ్డున మీ అమ్మ "ఏమైందత్తయ్యా?" అంటే, నా మొండితనం బయటపడుతుందని, అంతమంది ముందు "ఇతను నన్ను చూసుకోలేదమ్మా" అనేశాను. అతను ప్యాంటు పిండుకుంటూ నా వంక ఒక్కసారి చూశాడు. అబద్ధమాడిన పిల్లలకు గోడకుర్చీ వేయించిన నోరే నాది.

సోమవారం అతని లైసెన్సు రద్దు చేస్తారట. సిగ్గుతో అన్నం సహించడం లేదని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే, శుభ్రంగా తింటున్నాను. నిద్రే పట్టడం లేదు.

సోమవారం పదింటికి ముందే టూరిజం ఆఫీసుకెళ్లి ఈ ఉత్తరం అధికారి చేతికివ్వు. ఆయన చదువుతుంటే పక్కన నిలబడి "పెద్దావిడండీ, మతిమరుపు" అని సర్దిచెప్పకు. నాకన్నీ గుర్తున్నాయి. జిరాక్సు కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోకుండా ఇంటికి రాకు.

మీ నాయనమ్మ