సంధ్య రాయని జవాబులు

మంగళవారం, రాత్రి

సంధ్య వాళ్లమ్మ నన్ను కూడా కొట్టి ఉంటే బాగుండేది.

తనిఖీ అధికారిగా నా కిందున్న ఆరు సర్కారు బళ్లలోనూ పరీక్షప్పుడు జవాబులు బోర్డు మీద రాసేస్తారు. రాయమని ఫోన్ చేసి చెప్పేది నేనే. ఆరో తరగతి సంధ్య మాత్రం ఇవాళ పొద్దున చూసి రాయలేదు. ‘నాకు రాదు’ అని రాసిచ్చింది. లెక్కల సార్ ప్రసాద్ చెక్క స్కేలు విరిగేదాకా కొట్టాడు. పిల్ల వేలు విరిగింది.

మధ్యాహ్నం నేను ఆ బళ్లో ఉండగానే కృష్ణానగర్ నుంచి వాళ్లమ్మ ఉరికొచ్చింది. కాలర్ పట్టుకుని ప్రసాద్ తలను గోడకేసి కొట్టింది. నుదురు చిట్లి నెత్తురు కారింది. అడ్డంపోతే నన్ను తోసేసింది.

"రానిది రాదనే చెప్పింది కద మేడం! గంతమాత్రానికే ఏలు ఇరగ్గొడ్తరా?"

"నేను చూసుకుంటానమ్మా, ముందాయన్ని వదులు."

వదిలేసింది. నన్ను నమ్మింది.

ప్రసాద్ నెత్తురు తుడుచుకుంటూ నావైపే చూశాడు. నా పేరు మాత్రం బయటపెట్టలేదు.

సాయంత్రం అందరూ పాసయ్యారని పైకి రిపోర్టు పంపాను. అంతకుముందే సంధ్య కాగితం చించేసి, ఆ పేరుతో ఇంకోటి నేనే నింపాను. పిల్లరాతలా కనబడాలని ఎడమచేత్తో రాశాను.