బల్ల కింది కాళ్లు

2 సెప్టెంబర్ 2025, మంగళవారం

నాన్న ఇటలీ వెళ్తాడట.

ఇవాళ పొద్దున టీలో పలాటా, అదే ఇక్కడి పరోటా, ముంచుకుని తింటూ చెప్పాడు, బజారుకెళ్లి ఉల్లిపాయలు తెస్తాను అన్నంత తేలిగ్గా. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. మా ఊరి మింగళాడోన్ ఎయిర్‌పోర్ట్ మొహం రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ తమ్ముడు సంజీవ్‌ని సింగపూర్ సాగనంపడానికి. పాస్‌పోర్ట్ ఉంది. సంజీవ్ పోరు పడలేక తీయించుకున్నాడు. అందులో ఒక్క స్టాంపు లేదు.

నిన్న కళ్ల డాక్టర్ గ్లకోమా అన్నాడు. రెండు పక్కలా చూపు పోయింది, మధ్యలో కొంచెం మిగిలింది, అదెన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. నేను టాక్సీలో ఏడుస్తూ వచ్చాను. నాన్న ఏడవలేదు. చూడాల్సినవాటి లిస్టు వేసుకున్నాడు. లిస్టులో ఒకటే ఉంది: మిలాన్‌లో ఒక గోడ మీద ఉన్న ఏసుప్రభువు ఆఖరి భోజనం బొమ్మ.

నాన్న చెల్లెలు చిలకమ్మ అత్త మా ఇంట్లోనే ఉంటుంది. ఆమె దగ్గర ప్రతిదానికీ ఒక మాట రెడీగా ఉంటుంది. సింహాచలం అప్పన్నని సూడకుండా ఆ గోడ కాడికేటి, ఈ వయసులో మతం మారిపోతావేటి అని అడిగింది. నాన్న పలాటా ఇంకో ముక్క తుంచుకున్నాడు.

3 సెప్టెంబర్

ఈ గొడవ ఎక్కడ మొదలైందో రాసి పెట్టుకోవాలి. లేకపోతే నాకే పిచ్చెక్కేలా ఉంది.

నాన్న సైన్‌బోర్డులు రాసేవాడు. 1984లో మా సంచౌంగ్‌లోని తెలుగు చర్చి వాళ్లు గోడ మీద ఆఖరి భోజనం బొమ్మ వేసిపెట్టమన్నారు. మేం గుడికెళ్లేవాళ్లమే గానీ మనోడే కదా అని పిలిచారు. చూసి వేయడానికి ఒక క్యాలెండర్ ఇచ్చారు. అందులో బల్ల దాకానే బొమ్మ ఉంది. బల్ల కిందంతా తేదీల కాగితాలు. అవి చింపి చూస్తే వెనక ఉత్త అట్ట. పదముగ్గురు మనుషులు, ఇరవై ఆరు కాళ్లు, అన్నీ నాన్న సొంతంగా వేశాడు.

పన్నెండుమంది కాళ్లనీ ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో ప్రభువు కాళ్లు చూసి చర్చి పెద్ద లోకనాథం గారు, ప్రభువుకి కూలోళ్ల కాళ్లేటి, మడమలకి ఆ పగుళ్లేటి, తప్పేసినావు అన్నారట. నెల తిరక్కుండా సరిగ్గా ఆ కాళ్ల ముందు ఓ చెక్క బీరువా వచ్చి కూర్చుంది. నలభై ఒక్క ఏళ్లయింది. బీరువా అక్కడే ఉంది. నాన్న మళ్లీ ఆ గడప తొక్కలేదు. నాకప్పుడు మూడేళ్లు, కాబట్టి ఆ కాళ్లు నేనూ చూడలేదు.

ఎవరి కాళ్లు చూసి వేశావని ఎన్నిసార్లడిగినా, కాళ్లు కాళ్లే, ఎవులివైతే ఏటి అంటాడు.

ఇప్పుడు అసలు బొమ్మలో కాళ్లెలా ఉన్నాయో చూడాలట. నానేసినయి తప్పో ఒప్పో తేలాలి, కళ్లు పోయేలోగా తేలాలి అన్నాడు. ఫోన్‌లో చూపిస్తానన్నాను. ఫోన్‌లో కనపడేదీ క్యాలెండరే, ఆడికి కావలసినకాడికి కోసేసి పెడతాడు అన్నాడు. ఫోన్ బ్యాగులోకి తోసేశాను. నాకు కాళ్ల కన్నా వీసా ముఖ్యం.

24 సెప్టెంబర్, బుధవారం

ఆ బొమ్మ దగ్గరికి గుడికెళ్లినట్టు వెళ్లిపోవడం కుదరదు. మూడు నెలలకోసారి టికెట్లు వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. టికెట్ మీద పేరు ఉంటుంది, పేరు మార్చరు. లోపల ఉండనిచ్చేది పావుగంట. పావుగంటలో మా డాక్టర్ ఒక పన్ను కూడా పీకలేడు. నేను లమ్మడా పేటలో డెంటల్ క్లినిక్ రిసెప్షన్‌లో చేస్తాను, టైము సంగతి నాకు బాగా తెలుసు.

సంజీవ్ సింగపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నాకిక్కడ పేషెంట్లు. అందుకని వాడు ఫోన్ చేస్తే నాన్న ఎత్తాడు. రెండు టికెట్లు దొరికాయి, నాన్నకీ నాకూ. డిసెంబర్ 11, ఉదయం పదీ పదిహేను.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, గడ్డం గీసుకుని, కొత్త లుంగీ కట్టుకుని. ఇవాళే ప్రయాణం అన్నట్టు. నాకూ సంతోషమేసింది, అబద్ధమెందుకు.

7 అక్టోబర్

తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

ఇక్కడ మా వాళ్లందరికీ రెండు పేర్లు. ఇంట్లో తెలుగు పేరు, కాగితాల్లో బర్మీస్ పేరు. ఇంట్లో నేను ఆశని, పాస్‌పోర్ట్‌లో థీడాని. నాన్న ఇంట్లో జగదీశ్వరరావు, పాస్‌పోర్ట్‌లో తిన్ మౌంగ్. ఏ పేరు ఎక్కడ వాడాలో బడికెళ్లే పిల్లలకి కూడా తెలుసు. ఇవాళ కాగితాలన్నీ ఒకచోట పెడుతూ నాన్న టికెట్ ప్రింటు చూశాను. జగదీశ్వరరావు.

సంజీవ్‌కి ఫోన్ చేసి కడిగేశాను. నన్నేం చెయ్యమంటావక్కా, స్క్రీన్ మీద టైమర్ పరిగెడతంది, ఇవతల నాన్నేమో బొమ్మ ఏసినోడు జగదీశ్వరరావు, బొమ్మ సూడ్డానికి ఎల్లీవోడూ జగదీశ్వరరావే, తిన్ మౌంగ్ ఎవుడు అని అరుస్తన్నాడు, రాసేశాను అన్నాడు.

అక్కడితో అయిందా? వీసా కోసం ఖర్చులు నావి అని కొడుకుగా సంజీవ్ లెటర్ ఇచ్చాడు. వాడు పుట్టినప్పుడు తండ్రి పేరు అమ్మ రాయించింది. అక్కడా జగదీశ్వరరావే. అమ్మకి నాన్న ఒక్కడే మనిషి మరి. అంటే కాగితాల ప్రకారం తిన్ మౌంగ్ అనే ఆయన నా తమ్ముడికి తండ్రి కాదు, ఆ టికెట్ ఆయనదీ కాదు. పేర్లు రెండు, మనిషి ఒకడే అని అఫిడవిట్ తేవాలి.

తప్పు ఏ ఆఫీసుదీ కాదు, మాదే. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

15 అక్టోబర్

కాళ్లు లేవు.

16 అక్టోబర్

నిన్న చెయ్యాడలేదు. ఇవాళ రాస్తాను.

మధ్యాహ్నం క్లినిక్ ఖాళీగా ఉంటే ఆ బొమ్మ గురించి చదివాను. అది సన్యాసులు భోజనం చేసే హాలు గోడ. బొమ్మ వేసిన నూట యాభై ఏళ్లకి, 1652లో, వాళ్లు అదే గోడకి తలుపు పెట్టారు. ఆ తలుపు ఎక్కడికొచ్చిందయ్యా అంటే సరిగ్గా ప్రభువు కాళ్ల దగ్గరికి. అంతమేరా కొట్టేశారు. తర్వాత ఎప్పుడో తలుపు మూసేశారు గానీ కాళ్లు తిరిగి రావు కదా. మిగతావాళ్ల కాళ్లు చెరిగీ చెరగనట్టు ఉన్నాయి. ఆయనవి మాత్రం లేవు.

అంత గోడ ఉంటే అక్కడే పెట్టాలా తలుపు? ఎప్పుడో మూడొందల డెబ్బై ఏళ్ల కిందటి సన్యాసుల మీద నాకింత కోపం వస్తుందనుకోలేదు. ఎదురుగా పళ్లు కట్టించుకోవడానికి వచ్చిన ముసలాయన మీద ఊరికే విసుక్కున్నాను. పాపం ఆయన సారీ చెప్పాడు.

నాన్నకి చెప్పలేదు. ఎలా చెప్పను? ఇంటికొచ్చేసరికి మా నాలుగంతస్తుల మెట్లూ ఎక్కి దిగుతున్నాడు, గోడ పట్టుకుని. ఇటలీలో నడవాలట, ప్రాక్టీసు. పక్క ఫ్లాట్ వాళ్లకి కూడా చెప్పేశాడు, కాళ్లు చూడ్డానికి వెళ్తున్నానని.

చెప్పకుండానే తీసుకెళ్తాను. అక్కడికెళ్లాక చూసుకుందాం.

28 అక్టోబర్

అఫిడవిట్‌కి ఇద్దరు సాక్షులు కావాలని వార్డు ఆఫీసులో చెప్పారు. నాన్నని ముప్పై ఏళ్లకి పైగా, రెండు పేర్లతోనూ ఎరిగినవాళ్లు. ఒకరు దొరికారు, నాన్నతో కలిసి బోర్డులు రాసిన రవీంద్ర గారు. మిగతావాళ్లలో సగంమంది పోయారు, సగంమంది ఊళ్లో లేరు. వేళ్లు మడిచి లెక్కపెడితే మిగిలింది ఒక్కరే. లోకనాథం గారు.

నాన్నకి చెప్పాను. ఆడి సంతకంతో ఎల్లడం కన్నా గుడ్డోణ్ణయి ఇంట్లో కూకుంటాను అన్నాడు. అలాగే కూర్చో అన్నాను. అలా అన్నందుకు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. కుళాయిలో నీళ్లు రాలేదు, అందరికీ వినపడింది. చిలకమ్మ అత్త తలుపు అవతలనుంచి, ఒలే, తండ్రీ కూతుళ్లు ఇద్దరూ ఒక్క పొగరే, మజ్జిన నా పేనం తీస్తన్నారు అంది.

5 నవంబర్

కరెంటు లేదు. నాన్న మొండితనం మాత్రం ఉంది.

9 నవంబర్, ఆదివారం

అక్కడ డిసెంబర్‌లో చలట. బూట్లు కొనడానికి లమ్మడా అంతా తిరిగాను. ఒక్క జత పట్టలేదు. నా ఎడమ కాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంటుంది, పుట్టినప్పటినుంచీ అంతే. అందుకే నా బతుకంతా చెప్పులే. ఆరో జతకి షాపు అమ్మాయి మొహం మాడ్చుకుంది. నేనూ మాడ్చుకున్నాను.

ఇంటికొచ్చి కాలు వేడినీళ్లలో పెడితే అత్త చూసి, అది మీ అమ్మ ఏలే, దానికీ అంతే అంది. అమ్మ సంచౌంగ్ బజార్లో ఇడ్లీలు అమ్మేది, పొద్దున నాలుగింటినుంచి నిలబడి. పోయి పదహారేళ్లయింది. నగలవీ ఏం ఇవ్వలేదు నాకు, ఈ వేలిచ్చింది. ఇవాళ దాని మీద కూడా చిరాకు పడ్డాను.

నాన్న ఇంకా మొండికేసుకునే ఉన్నాడు. లోకనాథం పేరెత్తితే రేడియో గట్టిగా పెడతాడు.

16 నవంబర్, ఆదివారం

ఇంక లాభం లేదని నాన్నకి చెప్పకుండా నేనే చర్చికి వెళ్లాను. మూడు వారాలు ఆగింది ఎందుకో నాకే తెలియదు. నాన్న గడప తొక్కని చోటికి వెళ్తే ఆయన్ని మోసం చేసినట్టని అనిపించిందేమో.

లోకనాథం గారికి ఎనభై ఆరు. నాన్న పేరు చెప్పగానే మొహం విచ్చుకుంది. మంచి సెయ్యమ్మా మీ నాన్నది, మరెందుకో రావడం మానేసినాడు అన్నారు. కాళ్ల సంగతి అడిగాను. ఏ కాళ్లమ్మా అన్నారు. బీరువా మాటేమిటన్నాను. ఆనకి పాటల పుస్తకాలు తడిసిపోతంటే ఆ ఒక్క చోటే పొడిగా ఉందని పెట్టినాం అన్నారు.

నిజంగా మర్చిపోయారో, మర్చిపోయినట్టు నటించారో దేవుడికే తెలియాలి. వాళ్ల దేవుడికో మా దేవుడికో. మా నాన్న నలభై ఒక్క ఏళ్లు మోసిన మాట, అన్నాయన దగ్గర లేనే లేదు. రెండు పేర్లూ కళ్లద్దాలు పెట్టుకుని చదివి సంతకం పెట్టేశారు. టీ ఇచ్చారు. తాగాను. ఏం చెయ్యను మరి.

24 నవంబర్, సోమవారం

అఫిడవిట్ చేతికొచ్చింది, ముద్రతో సహా. ఎంబసీ అపాయింట్‌మెంట్ కూడా దొరికింది.

డిసెంబర్ 12.

టికెట్ డిసెంబర్ 11.

నేను రోజూ పదిమందికి చేసే పనే నాకు జరిగింది. పన్ను పోటుతో మెలికలు తిరుగుతున్నవాళ్లకి వచ్చే వారం రండి అని నవ్వుతూ చెప్తాను. కాస్త ముందుగా రావాల్సింది కదా అని కూడా అంటాను. కాస్త ముందుగా వెళ్లాల్సింది. ఆ మొండితనం మూడు వారాలు మింగేసింది, నాన్నది సగం, నాది సగం.

25 నవంబర్

ఇవాళ సాయంత్రం చెప్పాను. వచ్చే మూడు నెలల టికెట్లు చూద్దామని సంజీవ్ ఫోన్‌లో అంటూనే ఉన్నాడు. అప్పటికి నాకు కళ్లుంటే గదా, ఆ కాళ్లు సూడకుండానే పోతాను అని నాన్న చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. నాకు మూడు నెలలుగా తిరిగిన ఆఫీసులు, తీసిన ఫోటోకాపీలు, పట్టని బూట్లు, అన్నీ ఒక్కసారి నెత్తికెక్కాయి. అక్కడ కాళ్లు లేవు నాన్నా, తలుపు పెట్టి కొట్టేశారు, వెళ్లినా నీకు కనపడేది గోడే అని అరిచాను.

అత్త గరిటె పక్కన పెట్టి పొయ్యి ఆపేసింది.

నాన్న వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తినలేదు. నేనూ తినలేదు. ఇంత చెడ్డదాన్నని నాకే తెలియదు.

26 నవంబర్, ఉదయం 7

టీ దగ్గర అడిగాడు, తలుపు దేనికి పెట్టినారు అని.

వంటింట్లోంచి హాల్లోకి అన్నం తేవడానికట, దారిలో చల్లారిపోకుండా అని చెప్పాను.

కప్పులో టీ ఆఖరిదాకా తాగాడు. తర్వాత నవ్వాడు. అన్నం కోసమా, అయితే తప్పు నేదు అన్నాడు. ఆకలి మీదున్నోళ్ల కాడికి అన్నం ఎల్లాలంటే ఆయనే కాళ్లు జరుపుకునుంటాడు అన్నాడు.

తలుపు పెట్టకముందు వేరేవాళ్లు చూసి వేసిన కాపీల్లో కాళ్లున్నాయట, చూపించనా అన్నాను. అయ్యీ నాలాటోళ్లు ఏసినయే గదా, ఒగ్గేయ్ అన్నాడు.

బల్ల మీద కాగితాల కట్ట ఉంది. అఫిడవిట్ తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకుని సంతకాలు చూశాడు. దాన్ని మడిచి పక్కన పెట్టాడు. టికెట్ తీశాడు. అక్కడ పదీ పదిహేనయితే మనకి ఎంతవుద్ది అని అడిగాడు. మధ్యాహ్నం మూడూ నలభై ఐదు అన్నాను.

ఆ టయానికి బీరువా జరపమని లోకనాథానికి సెప్పు అన్నాడు.

11 డిసెంబర్, మధ్యాహ్నం 3:45

లోకనాథం గారు గుమ్మంలో టికెట్ మీద పేరు చదివి లోపలికి రానిచ్చారు. బీరువా పక్కకి జరిపి ఉంది. పావుగంట.

నాన్న గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఉన్న చూపంతా అక్కడే పెట్టాడు. తప్పా ఒప్పా అని నేనడగలేదు.

కాళ్లున్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. ఎడమ కాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది.

చెప్పులు బయటే విప్పి వచ్చాను. తల దించుకుంటే చాలు, నా కాలికీ అదే వేలు కనపడుతోంది.