కుమారికి తోడు ఎవరు

నవంబర్ 3, ఆదివారం

రిటెన్షన్ అయిపోయింది. మా రాజోలు కెరటాలు కబడ్డీ టీము కుమారిని అట్టేపెట్టుకుంది. హమ్మయ్య. మిగతా అమ్మాయిలందరూ మళ్ళీ పూల్‌లోకి. పదిహేడో తారీకున డ్రాఫ్ట్. టీములు వంతులవారీగా ఒక్కొక్కళ్ళనీ ఎంచుకోవాలి.

నిరుడు కబడ్డీ ఫైనల్ తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. కూతకెళ్ళి అవుటయితే మా రైడర్ కుమారి బయట కూర్చోవాల్సిందే. లోపలున్నవాళ్ళు అవతలి రైడర్‌ని పట్టుకుంటేనే తను మళ్ళీ లేచి వస్తుంది. మనవాళ్ళు పట్టుకోలేకపోయేరు. ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని టవల్ కొరుక్కుంటోంది, కొత్తపేట వాళ్ళు పాయింట్లు దండుకుంటున్నారు.

నా మాట ఒకటే. మొదటి పిక్ సలోమి. లెఫ్ట్ కార్నర్ డిఫెండర్. మడమ దొరికిందంటే విడవదు.

మా ఆయన యశ్వంత్ మాట వేరు. సాయిదుర్గని తీసుకోవాలిట. రెండో రైడర్. ఆవిడ కాళ్ళు చూడు, జింక అంటాడు.

నవంబర్ 6, బుధవారం

భోజనాల దగ్గర మళ్ళీ అదే గొడవ. కుమారి అవుటయితే పాయింటు ఎవరు తెస్తారంటాడు. పట్టేవాళ్ళుంటే కుమారి ఎక్కువసేపు కూర్చోదు కదా అని నేను. నీకు డిఫెన్స్ పిచ్చి పట్టింది అన్నాడు. పులుసు చల్లారిపోయింది. మా అత్తగారు పెరుగు వేస్తూ, ఈ కుమారి ఎవరమ్మా, మీ వైపు చుట్టాలా అని అడిగేరు.

నవంబర్ 8, శుక్రవారం

ఓనరు బంగారరాజు గారు మా ఫ్యాన్స్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేరు. బ్యానర్లు కట్టేదీ గొంతులు చించుకునేదీ మీరే కదండీ, మొదటి పిక్ మీరే చెప్పండి, అదే తీసుకుంటాను అన్నారు. కోచ్ సుగుణ గారు ఇద్దరిలో ఎవరైనా తనకి సమ్మతమేనన్నారుట. పదహారున ఆయన రొయ్యల మేత గోడౌన్‌లో మీటింగ్. చేతులెత్తి తేల్చేయడమే.

లంచ్‌లో నేను పనిచేసే ల్యాబ్‌లో కూర్చుని సలోమి పట్టిన పట్లన్నీ కత్తిరించి ఒక వీడియో చేసేను. పరీక్ష చెయ్యాల్సిన రొయ్యల చెరువు నీళ్ళ శాంపిల్స్ మూడింటిదాకా అలాగే ఉండిపోయేయి. తిట్లు తిన్నాను. పర్లేదు.

నవంబర్ 10, ఆదివారం

గ్రూపులో ముప్పాతిక మంది సలోమి వైపే. గెలిచేశాను.

నవంబర్ 12, మంగళవారం

శాంపిల్స్ కోసం అంతర్వేది వైపు వెళ్ళేను. దారిలోనే కుమారి వాళ్ళ ఇల్లు. నా గొప్ప చెప్పుకుందామని ఆగేను, నిజం చెప్పాలంటే.

వాళ్ళ నాన్నగారు చేపల వేటకెళ్ళేరు. కుమారి అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. మోకాలికి గుడ్డలో చుట్టిన ఐసు. నన్ను చూడగానే చున్నీ లాగి కప్పేసింది. అప్పటికే చూసేశాను.

నేను వీడియో చూపించేను. మొత్తం చూసింది. సలోమక్క మంచి ప్లేయరండీ అంది. తరవాత, అందరూ నా గురించే మాట్లాడుకుంటన్నారు, నన్నొక్క మాట అడగలేదేంటండీ అక్కా అంది.

ఫోను బ్యాగులో పెట్టేసేను.

నన్ను తొందరగా లేపేవాళ్ళు కాదండీ కావాలి, నేను కూర్చున్నా కూత ఆగకుండా వెళ్ళేవాళ్ళు కావాలి అంది. జనవరిలో కానిస్టేబుల్ సెలక్షన్ పరుగు ఉంది. రాత పరీక్ష గట్టెక్కింది. ఫిజియో ఆవిడ, ఆడొచ్చు గానీ నిరుడు ఆడినట్టు ప్రతి కూతకీ నువ్వే వెళ్తే ఈ మోకాలు పరుగుదాకా రాదు అని చెప్పేసిందిట. ఆట మానెయ్యొచ్చు కదా అన్నాను. నాకేసి చూసిన చూపు! ఆట వదలను, ఉద్యోగం వదలను అంది.

కోచ్ గారికి చెప్పమన్నాను. నిన్ననే ఆవిడకొక్కరికే చెప్పిందిట. ఇంకెవరికైనా తెలిసిందంటే, అవతలి కార్నర్లందరూ ఈ కాలే పట్టుకుంటారండీ అంది. నా చేత ఒట్టు వేయించుకుంది.

సాయంత్రం శాంపిల్స్‌కి లేబుల్స్ తారుమారు చేసేను.

నవంబర్ 13, బుధవారం

యశ్వంత్‌కి చెప్పనా? చెప్పను. మంచివాడే. కానీ తన మొబైల్ షాపులో కూర్చున్నాడంటే నోరాగదు.

వారం రోజులు తిరిగి ఒక్కొక్కళ్ళనీ సలోమి వైపు తిప్పింది నేనే. ఇప్పుడు నేనే వాళ్ళని వెనక్కి తిప్పాలి. కారణం చెప్పకుండా. తిప్పుతాను.

నవంబర్ 16, శనివారం

గోడౌన్ అంతా మేత వాసన. బస్తాల మీద కూర్చున్నాం. గ్రూప్ అడ్మిన్ నాగదుర్గాప్రసాద్ లేచి, అన్నపూర్ణ గారు సలోమి వీడియో వేస్తారండీ అన్నాడు.

నేను లేచి, వీడియో వద్దండీ, సాయిదుర్గని తీసుకుందాం అన్నాను.

ముందు నవ్వేరు. తరవాత నవ్వు ఆగిపోయింది.

అయినా చెప్పేను. కుమారిని ఎలా లేపాలన్నదే మాట్లాడుకుంటున్నాం, తనకి కాస్త ఊపిరి తీసుకునే తీరిక ఎలా ఇవ్వాలన్నది ఎవరం అనుకోలేదన్నాను. నిరుడు తనే వెళ్ళింది, మళ్ళీ తనే వెళ్ళింది, ఫైనల్లో అలిసిపోయిన పిల్లని కొత్తపేట వాళ్ళు పట్టేరు, సలోమి ఉన్నా ఆ అలుపు తీరదు కదా అన్నాను. ఇదంతా నిజమే. అసలు నిజం మాత్రం పళ్ళ వెనకాలే ఆపేను.

నాగదుర్గాప్రసాద్ గట్టిగా, మీ ఆయన ఇంట్లో ఏం మందు పెట్టేడండీ అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. యశ్వంత్ ముఖం ఎర్రబడింది. నేను వెటకారం చేస్తున్నాననుకున్నాడేమో, నాకేసి అదోలా చూసేడు. సుగుణ గారు మాత్రం నేల చూస్తూ, ఆవిడ చెప్పింది సబబుగానే ఉందండీ అన్నారు.

చేతులు ఎత్తేరు. సమానంగా వచ్చేయి. ఎవరో ఎత్తలేదని లెక్క చూస్తే యశ్వంత్! పదిహేను రోజులుగా సాయిదుర్గ, సాయిదుర్గ అన్న మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను ఆయనకేసి తిరిగేను. చూసేనంతే. ఎత్తేడు.

దారిలో బండి మీద, నిజం చెప్పు, ఏమైంది అన్నాడు. చెప్పలేనండీ అన్నాను. కాలవ లాకుల దగ్గర బండి నెమ్మది చేసేడు. అక్కడ, సరేలే అన్నాడు.

నవంబర్ 17, ఆదివారం

సాయిదుర్గ మనది. మన వెనకే వంతు ఆలమూరుది. సలోమిని ఎగరేసుకుపోయేరు. సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేసేరు.

డిసెంబర్ 22, ఆదివారం

మొదటి మ్యాచ్. ఆలమూరు మీదే. ఓడిపోయాం. సాయిదుర్గ ఎనిమిది పాయింట్లు తెచ్చింది గానీ, ఆఖర్లో సలోమే దాని మడమ పట్టి పడేసింది. ఎంత బాగా పట్టిందో! చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి లాక్కున్నాను.

కుమారి నిరుడు వెళ్ళినదాంట్లో సగం కూతలకి కూడా వెళ్ళలేదు. మూడోవంతు ఆట మిగిలుండగా సుగుణ గారు దింపేసేరు. టవల్ కప్పుకుని సాయిదుర్గకి కేకలేసి దారి చెబుతూనే ఉంది. వెనక వరసలోంచి ఎవరో, ఈ పాపం అన్నపూర్ణదే అన్నారు, నాకు వినబడాలనే. యశ్వంత్ లేవబోయేడు. మోచెయ్యి పట్టి కూర్చోబెట్టేను. ఇంకా బోలెడు మ్యాచ్‌లున్నాయి. అన్నింటికీ వెళ్తాను. ఇదే వరసలో కూర్చుంటాను.

జనవరి 8, బుధవారం, ఉదయం 9.40

కాకినాడ సెలక్షన్ గ్రౌండ్ నుంచి కుమారి ఫోన్. రొప్పు ఒక్కటే వినబడుతోంది. పాసయ్యేవా అన్నాను.

ఆయ్, పాసయ్యేనండీ అంది.