మా కాయ ఏలూరు బండి ఎక్కదు

చింతలపూడి, ఏలూరు జిల్లా
మార్చి 12

పెద్దలు, బావగారు బసవపున్నారావు గారికి వీరరాఘవయ్య నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మాయి సింధూర మా ఇంటికి కోడలిగా వచ్చాక మరీ క్షేమం, ఎందుకంటే ఇంట్లో నా మాట ఎవరూ వినక్కర్లేకుండా పోయింది. మనిద్దరం ఫోన్లో జిల్లాల గొడవ ఎత్తుకుంటే, "కొట్టుకోవాలనుంటే కాగితం మీద కొట్టుకోండి" అని ఫోను లాగేసుకుంటోంది. అందుకే ఈ ఉత్తరం.

సంగతేంటంటే, ఏప్రిల్ నాలుగున మన కొత్త జిల్లా పుట్టినరోజు. ఏలూరులో శకటాల ఊరేగింపు పెడుతున్నారు. ఆ కమిటీలో నన్నూ వేశారు. మొదటి శకటం మామిడిదే ఉండాలని ఒప్పించి వచ్చాను. మీరు పండిన రసాలు నాలుగు బుట్టలు పంపితే చాలు, "ఏలూరు జిల్లా మామిడి" అని పెద్ద బోర్డు రాయిస్తాను.

ఇట్లు,
మీ రాకకే కాదు, మీ కాయకీ ఎదురుచూసే బావ
వీరరాఘవయ్య

తా.క.: మీరూ మేమూ ఇప్పుడు ఒకే జిల్లా. పెళ్ళిలో మీవాళ్ళు మా జిల్లా మర్యాదలకి పెట్టిన వంకలన్నీ ఇక మీకే తగుల్తాయి, ఆలోచించుకోండి.

*

నూజివీడు, కృష్ణా జిల్లా (కాగితాల్లో ఏమున్నా సరే)
మార్చి 16

బావగారు వీరరాఘవయ్య గారికి నమస్కారాలు. క్షేమసమాచారాలు తరవాత.

ఏప్రిల్ నాలుగుకి పండిన రసాలా? అప్పటికి మా కాయలో టెంక కూడా ముదరదు. మే నెల రావాలి, కాయ కోసి వరిగడ్డిలో మాగవెయ్యాలి, వాసన వీధి చివరిదాకా వెళ్ళాలి. మీరు పామాయిల్ గెలలు చూసి చూసి, మామిడిపండు ఎప్పుడొస్తుందో కూడా మర్చిపోయారు.

అది చిన్న విషయం. అసలు విషయం బోర్డు. ఆ చెట్లు మా నాన్న నాటినవి. ఆయన రోజుల నుంచీ బుట్ట మీద "నూజివీడు, కృష్ణా జిల్లా" అని రాసే పంపాం. ఎక్కడెక్కడి జనమో ఆ పేరు చూసి కొన్నారు. ఇప్పుడు నా కాయకి ఇంటిపేరు మారుస్తానంటే నేనెలా ఊరుకుంటాను? ఏలూరు మీద నాకేం కోపం లేదు. కానీ మేం ఎక్కే బస్సు ఏలూరు చేరాలంటే హనుమాన్ జంక్షన్ దగ్గర కృష్ణా జిల్లాలో దూరి, మళ్ళీ బయటికి రావాలి. సొంత జిల్లా కేంద్రానికి పక్క జిల్లాలోంచి పోతున్నాం, ఇదేం ఖర్మండీ!

కాబట్టి నాన్చకుండా రాస్తున్నాను. మా కాయ ఏలూరు బండి ఎక్కదు.

ఇట్లు,
కృష్ణా జిల్లా వాస్తవ్యుడు
బసవపున్నారావు

తా.క.: మీ చెల్లెమ్మ నాగేశ్వరమ్మ తొక్కుపచ్చడికని పుల్లకాయలు పంపుతోంది. అవి మా సుభద్ర చెల్లెమ్మకి. జిల్లాకి కాదు.

*

చింతలపూడి, ఏలూరు జిల్లా
మార్చి 20

బావగారికి వెయ్యి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఆనందం పట్టలేకపోయానండి. "ఎక్కదు" అన్నారంటే ఎక్కుతుందనే కదా! మా గోదావరి వైపు ఇంతే. భోజనానికి లేవమంటే "అబ్బే, ఇప్పుడే తిన్నానండి" అంటాం. అంటే ఆకు వెయ్యమని. కృష్ణా వాళ్ళు కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడతారని విన్నాను గానీ, వియ్యమందాక మీకు మా తీరు ఇంత బాగా అబ్బిందని తెలీదు.

పండ్లు దొరకవు, పచ్చికాయల గుత్తులే కడదామని కమిటీకి చెప్పేశాను. మీ ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కూడా వేయిస్తున్నాం. కింద "ఏలూరు జిల్లా ముద్దుబిడ్డ" అని రాస్తే సరిపోతుందా? కళ్ళద్దాలున్న ఫొటో నా దగ్గరుంది.

ఇట్లు,
మీ మనసెరిగిన బావ
వీరరాఘవయ్య

తా.క.: పుల్లకాయలు అందాయి. మా ఆవిడ అప్పుడే తరిగి పచ్చడి పట్టేసింది. మీ మాట ప్రకారమే జిల్లాకి ఒక్కటీ ఇవ్వలేదు. మాకూ ఒక్కటీ మిగల్చలేదు.

*

నూజివీడు, కృష్ణా జిల్లా, కృష్ణా జిల్లా, కృష్ణా జిల్లా
మార్చి 24

వీరరాఘవయ్య గారికి,

మాకు నోట్లో నాలుక ఒకటే. లేదంటే లేదు. రాదంటే రాదు. మీ ఊళ్ళో లేదంటే అవునట, అవునంటే ఏమిటో మరి! పెళ్ళిచూపుల నాడు "అమ్మాయి నచ్చిందండి" అన్నారే, దానికి అర్థమేంటో ఇప్పుడు భయమేస్తోంది.

బాగా వినండి. ఏప్రిల్ నాలుగున నేనే వస్తున్నాను. నాతో మా ఊరి రైతులూ, చాట్రాయి రైతులూ వస్తారు. లారీ చుట్టూ మామిడి కొమ్మలు, కాయల గుత్తులు కడతాం. మీకు దక్కని కాయ ఎలా ఉంటుందో కళ్ళారా చూద్దురుగాని. లారీ ముందు "మాది కృష్ణా జిల్లా" అని బ్యానరు ఉంటుంది. దాన్ని తెచ్చి మీ ఊరేగింపుకి అడ్డంగా నిలబెడతాం. లారీ నంబరు ఈ ఉత్తరం వెనక రాశాను. ఏపీ పదహారు, అదీ కృష్ణా నంబరే. పోలీసులకి ఇచ్చుకుంటారో, గోడకి అంటించుకుంటారో మీ ఇష్టం.

ఇట్లు,
ముద్దుబిడ్డని కాని
బసవపున్నారావు

తా.క.: ఫ్లెక్సీ వెయ్యడానికి వీల్లేదు. వేసినా కళ్ళద్దాల ఫొటో వద్దు. అందులో ముసలాడిలా ఉంటాను.

*

చింతలపూడి, ఏలూరు జిల్లా
మార్చి 28

బావగారూ,

కాయలడిగితే లారీ కూడా తెస్తున్నారా! కృష్ణా వాళ్ళ చెయ్యి పెద్దదని ఊరికే అనలేదు. నంబరు ఇవ్వాల్సిన వాళ్ళకి ఇచ్చేశాను. ఏలూరు పొలిమేరలో మీ అందరికీ పెసరట్టు ఉప్మా ఏర్పాటు చేస్తున్నాను. "తినం" అని ఒక్క ముక్క రాయండి చాలు, మనిషికి రెండేసి వేయిస్తాను.

ఇట్లు,
పెనం వేడిచేస్తున్న మీ బావ
వీరరాఘవయ్య

తా.క.: కళ్ళద్దాలు తీసేయించాను.

*

నూజివీడు (జిల్లా సంగతి కింద రాస్తాను)
ఏప్రిల్ 6

బావగారికి,

మీ పెసరట్టు గురించి ముందే చెబుతాను, బాగుంది. అభిమానం అభిమానమే, పెసరట్టు పెసరట్టే. ఆ తరవాత జరిగిందే నాకు అంతు చిక్కడం లేదు.

మేం కడుపునిండా తిని, లారీ ఎక్కి, ఊరేగింపుకి అడ్డం పడదామని వచ్చాం. ఆపుతాడనుకున్న ఇన్‌స్పెక్టరు నంబరు చూసి, సెల్యూట్ కొట్టి, "మొదటి శకటం మీదేనండి, పదండి" అన్నాడు. మా వెనక డప్పులు మొదలయ్యాయి. నేను కేబిన్‌లోంచి తల బయటపెట్టి "మాది కృష్ణా జిల్లా" అని గొంతు చించుకుంటుంటే రోడ్డుకి రెండువైపులా జనం చప్పట్లు కొడుతున్నారు. ఎవరో నా మెడలో దండేశారు. పోట్లాటకి వచ్చినవాడి మెడలో దండేస్తే వాడేం చెయ్యాలండీ?

చివరికి మైకులో ఆయన, "ముందు కృష్ణా, వెనక పశ్చిమ గోదావరి, నడుమ మామిడి! రెండు జిల్లాలు కలిసిన మన ఏలూరంటే ఇదే" అని చెప్పి ప్రథమ బహుమతి నా చేతిలో పెట్టాడు. ముందు కృష్ణా సరే, అది నేను కట్టిందే. వెనక పశ్చిమ గోదావరి ఎక్కడిది? ఇంటికొచ్చి చూస్తే వెనక తలుపుకి తాళ్ళ ముక్కలు తప్ప ఏమీ లేవు. నిజం చెప్పండి. ఎటకారం లేకుండా, మా భాషలో చెప్పండి.

ఇట్లు,
బహుమతి వచ్చిన అవమానంలో
బసవపున్నారావు

తా.క.: ఫ్లెక్సీలో బాగానే ఉన్నాను. నాగేశ్వరమ్మ దాన్ని ఇంటికి తెమ్మంటోంది.

*

చింతలపూడి
ఏప్రిల్ 9

బావగారూ,

ఈ ఉత్తరం మీ భాషలోనే రాస్తున్నాను.

మీ మొదటి ఉత్తరం నాకు అక్షరం అక్షరం అర్థమైంది. కమిటీ మొదటి మీటింగులోనే, "శకటం మీద ఓ మూల పశ్చిమ గోదావరి అని కూడా రాద్దామండి" అని అడిగాను. పాత పేర్లు వద్దన్నారు. మొహమాటస్తుణ్ణి, తలూపి వచ్చేశాను. ఆ రోజు అన్నం సయించలేదు. మీ తోటకి కృష్ణ నీళ్ళు ఎంత వచ్చాయో, మా మెట్టకి గోదావరి నీళ్ళూ అంతే వచ్చాయి. మాకు వచ్చింది పేరొక్కటే. ఎక్కడికెళ్ళినా "గోదావరి వాళ్ళమండి" అని చెప్పుకుని మురిసేవాళ్ళం. అది కూడా పోయింది. మీరు గట్టిగా అరవగలరు, అరిచారు. నేనెవరితో చెప్పుకోను?

నాలాంటి మెతకవాడు బ్యానరు కడితే నిమిషంలో పీకేస్తారు. మీరు ముందు కూర్చున్న లారీకి కడితే ఎవడు పీకగలడు? అందుకే మిమ్మల్ని అంత రెచ్చగొట్టాను. మీ నంబరు మొదటి శకటంగా రాయించింది నేనే. మీరు రెండో పెసరట్టు తింటున్నప్పుడు వెనక తలుపుకి "పశ్చిమ గోదావరి జిల్లా, చింతలపూడి" అని కట్టిందీ నేనే. ముందు మీరు కృష్ణా కృష్ణా అని అరుస్తుంటే వెనక మా గోదావరి ఊగుతూ వెళ్ళింది. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చేశాను బావగారూ. ఊరేగింపు అయ్యాక విప్పి, మడతపెట్టి, బీరువాలో దాచుకున్నాను.

ఇట్లు,
మీ లారీ వెనక వేలాడిన బావ
వీరరాఘవయ్య

తా.క.: వచ్చే ఏడాది సంబరాల కమిటీకి అధ్యక్షులుగా మిమ్మల్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. మీరు ఛస్తే ఒప్పుకోనని రాస్తారని వాళ్ళకి ముందే చెప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో మీకు చూపించే బాధ్యత నేను తీసుకున్నాను.