ఓబులమ్మబావి పేరు ఎవరిది?

12-3-1957
తాలూకా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మా ఓబులమ్మబావినీ పక్కనున్న పెద్దకొట్టాలనూ కలిపి ఒకే పంచాయతీ చేస్తారట. పేరు మాత్రం ఒకటే ఉంటుంది. ఏ ఊరు పాతదో రికార్డు చూపిస్తే ఆ ఊరి పేరే ఖాయం. వాళ్లకు మూడొందల ఇళ్లు, మాకు అరవై. నెలాఖరు దాకా గడువు. కరణాన్ని నేనే. నా హయాంలో ఊరి పేరు పోతే జనం నా మొహాన ఉమ్మరూ?

14-3
పెద్దకొట్టాల పెద్దమనిషి నాగసుబ్బయ్య సంతలో ఎదురుపడి, "ఏమప్పా కరణం, ఇంగ మీ ఊరు మా ఊర్లో ఒగ వీధే" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.
ఇంటికొచ్చి పిటిషన్ రాసేశాను. ఓబులమ్మ మా ముత్తాతకు అక్క అనీ, కరువులో నగలమ్మి బావి తవ్వించిందనీ, దాని చుట్టూ ఊరు పుట్టిందనీ. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెప్పుకునేదే.

19-3
కథలు వద్దు, రికార్డు తెమ్మన్నాడు తహసీల్దారు. నాగసుబ్బయ్య దగ్గర 1861 నాటి పట్టా ఉందట.

20-3
అటక మీది పెట్టెలన్నీ దించాను. అంతా చెదలే.

24-3
దొరికింది! 1854. అప్పటి కరణం మా ముత్తాత చేతిరాత, కుంఫిణీ ముద్ర. చదివి చతికిలబడ్డాను.
కరువు పనిలో బావి తవ్వుతుంటే బండ తగిలిందట. అందరూ వదిలేసి పోతే వడ్డె ఓబులమ్మ ఒక్కతే నలభై దినాలు కొట్టి నీళ్లు తెప్పించింది. బావికి తన పేరు పెట్టమంది. "పెట్టితిని" అని ముత్తాత సంతకం. అక్కా లేదు, నగలూ లేవు!
ఇది చూపిస్తే ఊరి పేరు నిలుస్తుంది. మా ఇంటి పరువు పోతుంది. ఊళ్లో వడ్డె ఇల్లు హంపమ్మది ఒక్కటే; అంటే ఓబులమ్మ మునిమనవరాలు మా చేలోనే రాళ్లు ఏరుతుంది.

25-3
అన్నం సహించలేదు.

27-3
చెప్పేశాను. బావిగట్టున అందరినీ పిలిచి కాగితం చదివాను. హంపమ్మ నవ్వి, "మాకు తెలీదా సామీ? ఉగాదినాడు తొలి కడవ నా గడపలోనే ఎందుకు పోస్తాండారనుకుంటివి?" అనింది.
నిజమే కదా! ఏటా మా ఇంటికన్నా ముందు ఆమె గడపకే నీళ్లు. అదంతా మా వాళ్ల దయ అనుకున్నాను ఇన్నేళ్లూ. తలారి సుంకన్న మెల్లగా, "మీ నాయన ఆ నగల కత శానా మురిసిపోతా చెప్పేటోడు సామీ, ఎవరికి నోరొస్తాది?" అన్నాడు. తెలిసి తెలిసి మా పరువు ఊరే కాపాడుకొచ్చింది. సిగ్గుతో నవ్వేశాను. ఆకలేసింది. ఇంటికొచ్చి రెండు ముద్దలు సంగటి తిన్నాను.

30-3
పాత పిటిషన్ వాపసు తీసుకుని 1854 నాటి కాగితం ఇచ్చాను. తహసీల్దారు రెండుసార్లు చదివి ఆర్డర్ రాశాడు. ఓబులమ్మబావి పంచాయతీ! అమ్మయ్య, గుండెల మీది బరువు దిగింది. నాగసుబ్బయ్య కూడా, "ఒక్క ఆడమనిషి మా మూడొందల ఇండ్లను ఓడించెనప్పా" అని టీ తాగించాడు.

1-4, ఉగాది
తొలి కడవ నేనే మోశాను. దారిలో సగం ఒలికింది. హంపమ్మ చూసి, పోయి ఇంకో కడవ తెమ్మనింది. పోయి తెచ్చాను.