తాళం వేసిన గది

బావమరిదికి, బావ ప్రార్థించి రాసేది.

మీ సంఘానికి బోధకుడిగా కుటుంబంతో తరలిరాకముందే ఒకసారి ఇల్లు చూసుకొమ్మని పట్టుబట్టి నన్ను మీ దేశానికి రప్పించావు. చూశాను. బైబిల్లో వాగ్దాన దేశాన్ని చూడబోయిన వేగులవాళ్ళు ద్రాక్ష గెల మోసుకొచ్చారు. నేను చెవుల్లో మోసుకొచ్చింది ఒక చంటిదాని దగ్గు.

మీ సంఘపెద్ద ఇల్లంతా తిప్పి చూపించాడు గాని వెనక గదికి తాళం వేసి ఉంచాడు.

"అందులో పాత సామాన్లండీ అయ్యగారూ."

"సామాన్లు దగ్గుతాయా?" అన్నాను. నువ్వు నేల చూపులు చూశావు.

తాళం తీయించాను. లోపల చంటిదాని నోరు చేత్తో మూసి పట్టుకున్న తల్లి. పక్కనే మీరు నిన్నటిదాకా అయ్యగారని పిలిచిన బోధకుడు! ఆయన గొంతు పోయి ప్రసంగం చేయలేడు కనుక, మేం తరలిరాగానే ఆ కుటుంబాన్ని వీధిలోకి నెట్టాలని మీ ఏర్పాటు. పైగా వాళ్ళను లోపల పెట్టి తాళం వేసి, భోజనానికి ముందు స్తుతి పాట! ఛీ! సున్నం కొట్టిన సమాధులు మీరు.

మేం రావడం లేదు. ఆ ఇంట్లో నా పిల్లలకు ముద్ద దిగదు. సంగతి విని మీ అక్క ఏడవలేదు. లేచి మా ముందుగది ఖాళీ చేసింది. నీలో సిగ్గు మిగిలి ఉంటే, మాకు కొంటానన్న టికెట్లతో ఆ ముగ్గురినీ మా దగ్గరికి పంపించు. అంతవరకు దేవుడు నీకు నిద్ర పట్టనివ్వకుండును గాక.

నీ బావ