మా ఆయన పక్క నుంచి డాఫ్నీని తొలగించుట గురించి

జిల్లా పాఠశాలల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: హెరన్ పాయింట్ శ్మశానంలో, నా భర్త పక్కన నాకై ఉంచిన జాగాలో తమ శాఖ వారు భద్రంగా కాపాడుతున్న సినిమా సమాధిని తీయించి, సదరు జాగాను నాకు తిరిగి ఇప్పించుట గురించి.

హెరన్ పాయింట్ ద్వీపవాసిని, జిల్లా కోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి విరమించినదానను అగు ఎర్నస్టీన్ మంగిన్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. వరి పండించడానికి ఓడల్లో పట్టుకొచ్చిన మా పెద్దలను, వారు బానిసలుగానే పోయాక, దొరల ఎస్టేటు వెనుక వాగు ఒడ్డున పాతిపెట్టారు. నాటి నుండి మా వారందరం అక్కడికే చేరుతున్నాము. భూమి ఎవరి పేర ఉన్నా పూడ్చుకునే హక్కు మాదేనని కోర్టు తీర్పు కలదు. నా భర్త ఎఫ్రెయిమ్ ఆరేళ్ళుగా అక్కడే ఉన్నారు. ఆయన ఎడమ పక్క జాగా నాది. "ఆ చెవి నాకు వినపడదు, నువ్వు అటే పడుకో, కాస్త ప్రశాంతంగా ఉంటాను" అని ఆయనే ఖాయం చేసి పోయారు.

2. పోయిన మనిషి చివరిగా వాడిన వస్తువు అడుగు పగలగొట్టి సమాధి మీద పెట్టడం మా ఆచారం. అలా చేస్తే ఆ చావు ఇంట్లో మరొకరిని పిలవదు. ఎఫ్రెయిమ్ మీద ఆయన కాఫీ కప్పు, దగ్గు మందు సీసా, ఆగిపోయిన గోడ గడియారం పెట్టుకున్నాను. నిరుడు మా పెద్దల బానిస కాలం మీద సినిమా తీస్తామని సినిమా వారు వచ్చారు. వారి వెంట చరిత్ర సలహాదారు అని ఒకాయన, మెడలో కార్డు, కాళ్ళకు బురద అంటని బూట్లు. ఆయన గడియారం చూసి, ఇది పద్దెనిమిది వందల యాభై నాటిది కాదు కదా అని తేల్చి, మొత్తం నల్ల సంచుల్లోకి ఊడ్పించి చెత్తబండి ఎక్కించారు. చారిత్రక కచ్చితత్వం కోసమట! ఊడ్చిన చోట తెల్ల శిలువలు వరసగా పాతి, వాటి మీద పేర్లు చెక్కించారు. బతికుండగా ఇంటిపేరైనా దక్కనివ్వని దొరలు చచ్చాక చెక్క మీద పేర్లు చెక్కించారంటే నమ్మడానికి సినిమా టిక్కెట్టు కొనాల్సిందే.

3. నా జాగాలో పాతిన శిలువ మీద పేరు డాఫ్నీ. ఈమె కథానాయిక. ఈమె పుట్టలేదు, పెరగలేదు, చావలేదు. వరి పండిన నేలలో ఈమె చేత పత్తి ఏరించారు. ఆ పత్తి కూడా ఎండుపుల్లలకు జిగురుతో అంటించినదే. తరువాత ఈమెను మిట్టమధ్యాహ్నం పాతిపెడతారు, దొరసాని గొడుగు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తుంది. పగలు దొర సొత్తు. మా వారు పని ముగిశాకే, కాగడాల వెలుగులో, తమ వారిని మట్టిలో పెట్టుకునేవారు. ఆ మాటే సలహాదారుకు చెప్పాను. "చీకట్లో మొహాలు కనపడవు కదండీ, జనం ఏం చూసి ఏడుస్తారు?" అన్నాడు. ఆయనకిచ్చిన జీతంలో సగం పెడితే ఒక లాంతరు వచ్చేది.

4. సినిమా వారు సామాను కట్టుకుని పోయారు. వారితో పాటు శిలువలూ పోవలసినది. అయితే తమ శాఖ వారు ఈ చోటుకు "బహిరంగ చరిత్ర తరగతి" అని బోర్డు తగిలించి, డాఫ్నీ చుట్టూ తాడు కట్టించారు. వారం వారం బస్సులు వస్తున్నవి. పిల్లలకు బడిలో సినిమా చూపి, మిగిలిన ఏడుపు ఇక్కడ ఏడవమని తెస్తున్నారు. డాఫ్నీని తొక్కరాదు కనుక తాడుకు ఇవతల నిలబెడుతున్నారు. ఇవతల ఉన్నది ఎఫ్రెయిమ్. లేని మనిషిని తొక్కకుండా ఉన్న మనిషిని తొక్కే ఈ ఏర్పాటు ఏ మేధావిదో ఆయనకు నా నమస్కారములు.

5. నా కూతురి కూతురు జనియా నా దగ్గర ఉండి ఏడో తరగతి చదువుతున్నది. దానినీ తీసుకెళ్ళి అక్కడే నిలబెట్టారు. "డాఫ్నీ సమాధి వద్ద మీకు కలిగిన అనుభూతిని వ్రాయుము" అని ప్రశ్న. "ఏమీ కలగలేదు. అందులో ఎవరూ లేరు. నేను నిలబడింది మా తాత మీద" అని రాసింది. సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో "సానుభూతి లోపించినది" అని రాశారు. చరిత్ర టీచరు మిస్ విట్లాక్‌ను కలిశాను. ఆమె చెడ్డది కాదు, ఆమెకు చెప్పినవారు లేరు, ఆమె అడిగినదీ లేదు.

"పిల్లలు నిజంగా ఏడుస్తున్నారండీ. పుస్తకం చదివి ఒక్కరైనా ఏడుస్తారా? అంతకంటే చదువేం కావాలి?" అన్నది.

"ఉల్లిపాయ కోసినా ఏడుస్తారమ్మా. దానికి బస్సు అక్కర్లేదు" అన్నాను.



6. నా గుండె ఈ ఏడు చలికాలం చూడదని డాక్టరు చెప్పారు. కనుక జాగా విడిపించమని తమ కార్యాలయానికి రాసుకున్నాను. సదరు సమాధికి "బోధనా విలువ" ఉన్నందున కదల్చ వీలుకాదని జవాబు వచ్చింది. నాకు పూడ్పు హక్కు ఉన్నదని మళ్ళీ రాస్తే, మరణ ధ్రువపత్రం జతపరచనందున అర్జీ తిప్పి పంపారు. స్వయంగా వచ్చి కిటికీ దగ్గర నిలబడితే, "మీరు బాగానే ఉన్నారు కదా పెద్దమ్మా, అంత తొందరేం వచ్చింది?" అని గుమాస్తా అడిగాడు. ముప్పై ఏళ్ళు నేనూ ఆ కిటికీ వెనకే కూర్చున్నాను కానీ, ఎవరినీ చచ్చి రమ్మని పంపలేదు.

కావున తమరు దయయుంచి డాఫ్నీని ఆమె పుట్టిన చోటికే, అనగా సినిమా వారి గోదాముకే, సాగనంపి, ఎఫ్రెయిమ్ పక్కన నన్ను పడుకోనివ్వవలెనని, పిల్లలు వస్తే మా వారి పేర్లు నేనే చెబుతాను గనుక నేనుండగానే పంపవలెనని కోరుచున్నాను. తమకు తీరిక దొరికినపుడు కాక, నాకు ఊపిరి ఉన్నపుడే చిత్తగించవలెను.

ఇన్నాళ్ళూ తమ విధేయురాలు,
ఎర్నస్టీన్ మంగిన్

తా.క. నాయనా, నిన్న చర్చి అయ్యాక జనియా చెయ్యి పట్టుకుని ఆ తాడు దాటాను. నేను రోజూ కాఫీ తాగే పచ్చపూల కప్పు అడుగు పగలగొట్టి, డాఫ్నీ శిలువ ముందు బోర్లించాను. "అమ్మమ్మా, నువ్వింకా బతికే ఉన్నావు కదా" అంది పిల్ల. చర్చిలో బెంచీ మీద చేతిసంచి పెట్టి జాగా ఆపుకోమా, ఇదీ అంతేనే అన్నాను. ఇంటికొచ్చి కాఫీ కాచుకున్నాక ఇంకో కప్పు తీయడానికి చెయ్యి రాలేదు. అప్పుడు మాత్రం ఏడ్చాను. నీ మనుషులు దాన్ని ఊడ్చేయకుండా చూడు. అది పద్దెనిమిది వందల యాభై నాటిది కాదని నాకూ తెలుసు. అది నాది.